తొమ్మిదంటే తొమ్మిదే

ఆ కాలేజీలో ఎవరూ అబద్ధం ఆడరు. తేదీల సంగతి మాత్రం వేరు.

ఏ పనైనా ఎప్పటికి అవుతుందని అడిగితే, గుమాస్తా తనకు పట్టే రోజులకు ఇంకో నాలుగు కలిపి చెబుతాడు. అతని పైనున్న సూపరింటెండెంటు ఒకప్పుడు గుమాస్తాగా ఉన్నవాడే కాబట్టి, విన్నదాంట్లో రెండు కోసి ప్రిన్సిపాల్‌కు చేరవేస్తాడు. సూపరింటెండెంటు మెతక మనిషి, కోయడం చేతకాదు అని ప్రిన్సిపాల్‌కు గట్టి నమ్మకం. అందుకని ఆయన మరో రెండు కోస్తారు. ఈ కోతలన్నీ అయ్యాక మిగిలేవి, చిత్రంగా, పనికి సరిగ్గా పట్టే రోజులే. గుమాస్తాకు కావలసిన వ్యవధి దొరికేది, సూపరింటెండెంటుకు దగ్గరుండి పని చేయించిన తృప్తి దక్కేది, తను లేకపోతే ఈ సంస్థ నడవదన్న భరోసా ప్రిన్సిపాల్‌కు మిగిలేది. ఇన్నేళ్ళుగా ఈ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

లైబ్రరీ అసిస్టెంటు ఈ లెక్కలో ఇరవై రెండేళ్ళుగా ఆరితేరిన మనిషి. ఆమెకు పేరు లేకపోలేదు, జీతాల పట్టీలో ఉంది. కాలేజీలో మాత్రం అందరికీ ఆమె కేటలాగమ్మ. పద్నాలుగు వేల పుస్తకాల్లో ఏది ఏ బీరువాలో ఏ అరలో ఉందో కూర్చున్న చోటినుంచి కదలకుండా చెప్పగలదు. తన కళ్ళజోడు ఎక్కడుందో మాత్రం రోజుకు రెండుసార్లు అటెండర్ని అడుగుతుంది.

ఆ కేటలాగమ్మకు ఇప్పుడొక సెలవు కావాలి. వారం రోజులు. అక్కతో సముద్రం చూడ్డానికి వెళ్ళాలి.

అక్క బట్టలు కుడుతుంది. ముప్పై ఏళ్ళు మిషను తొక్కి తొక్కి కుడి మోకాలు బిగుసుకుపోయింది. వచ్చే నెల ఆపరేషను. ఆ తర్వాత ఎన్నాళ్ళు మంచం మీద ఉండాలో డాక్టరుకే తెలియదు. ఈలోగా చెల్లెలితో కలిసి ఒక్కసారి ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టాలని అక్క పట్టుబట్టింది. ఇంతకుముందు రెండుసార్లు టిక్కెట్లు తీసుకున్నారు. ఒకసారి పుస్తకాల లెక్క తేలలేదని, ఇంకోసారి రీడింగు రూములో పైపు కారుతోందని కేటలాగమ్మే ఆగిపోయింది.

"ఏమే, ఈసారైనా వస్తున్నావా, లేకపోతే నీ సీట్లో మా తోటికోడల్ని కూర్చోబెట్టమంటావా?" అని అక్క ఫోనులో అడిగింది. తోటికోడలంటే అక్కకు అయిదు నిమిషాలు కూడా పడదు. అలాంటి మనిషిని వారం రోజులు భరించడానికి సిద్ధపడిందంటే, ఆ బెదిరింపు ఉత్తది కాదు.

"వస్తున్నానక్కా. ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టేశారు."

పెట్టిన మాట నిజమే. ఆ సంతకం కింద ఆకుపచ్చ సిరాతో 'లైబ్రరీ మొత్తం కిందికి దిగాక' అని రాసిన మాట మాత్రం ఆమె అక్క చెవిన వేయలేదు.

లైబ్రరీ రెండో అంతస్తులో ఉంది. కింద కొత్త హాలు కట్టారు. కొత్త ర్యాకులు వచ్చేశాయి, రంగులు ఆరాయి. పుస్తకాలు దిగడమే తరువాయి. సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. సిబ్బందికి మూడు రోజుల ప్రాజెక్టు మేనేజ్‌మెంటు శిక్షణ. అందరూ రావాలి, ఎవరి పనిని వాళ్ళు ఒక ప్రాజెక్టుగా తెచ్చుకోవాలి.

మొదటి రోజు సెమినార్ హాల్లో ప్రిన్సిపాల్ మైకు పట్టుకుని, "ఈ మూడు రోజులూ నేనూ మీలో ఒకణ్ణే" అని ప్రకటించి, చప్పట్లు పూర్తికాక ముందే వెళ్ళిపోయారు. సూపరింటెండెంటు మాత్రం మూడు రోజులూ ముందు వరసలోనే కూర్చున్నాడు. ఒళ్ళో ఫైళ్ళు పెట్టుకుని సంతకాలు చేస్తూ, పాఠంలో ఎక్కడ ఆగితే అక్కడ తలూపుతూ.

ట్రైనర్ మేడానికి ముప్పై దాటి ఉంటాయి. రంగురంగుల చీటీల కట్ట ఒకటి చేతిలో ఉండేది. ఖాళీ గోడ కనపడితే చీటీ అంటించకుండా ఉండలేని మనిషి.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పాలి" అందామె రెండో రోజు. "మీలో ఎంతమంది పట్టే రోజులకంటే ఎక్కువ చెబుతారు?"

హాలు హాలంతా సూపరింటెండెంటు వీపు వైపు చూసింది. సూపరింటెండెంటు సంతకం ఆపి తలెత్తాడు.

"మా దగ్గర అలాంటి అలవాటు లేదండి."

"లేనే లేదండి" అన్నారు వెనక వరసలవాళ్ళు. ఆఫీసు మొత్తం ఒక్క గొంతుతో మాట్లాడటం కేటలాగమ్మ చూడటం అదే మొదలు.

ట్రైనర్ మేడం నవ్వి ఊరుకుంది. ఆ తర్వాత చెప్పిన సంగతి తేలికైనదే. పనిలో ఒక చిన్న ముక్క తీసుకోండి, చేసి చూడండి, ఎంతసేపు పట్టిందో కొలవండి, దాన్నిబట్టి రోజులు చెప్పండి. అడ్డంకులు వస్తాయని భయముంటే, ఆ రోజులు విడిగా, అందరికీ కనపడేలా రాయండి. లోపల దాచకండి.

కేటలాగమ్మకు ఆ మాట ఎక్కడో తగిలింది. భోజనాల విరామంలో ఇద్దరు అటెండర్లను వెంటేసుకుని పైకి వెళ్ళింది. ఒకాయన పొడుగు, ఒకాయన పొట్టి, కాలేజీలో వాళ్ళకు ఆ పేర్లే. ఒక బీరువా ఖాళీ చేసి, అర అరకీ విడివిడిగా కట్టలు కట్టి, కట్టకో చీటీ పెట్టి, రెండు అంతస్తులు దింపి, కింద వరస తప్పకుండా సర్దారు. గంటన్నర పట్టింది. రోజుకు అయిదు బీరువాలు. ఇంకా నలభై రెండు ఉన్నాయి. ఎనిమిదిన్నర రోజులు, అనగా తొమ్మిది.

పాత కేటలాగమ్మ అయితే పదమూడు అని రాసేది. ఈ కేటలాగమ్మ పెన్ను పట్టుకుని కాసేపు ఆగి, తొమ్మిది అని రాసింది. పక్కన ఏమీ కప్పుకోకుండా ఆ అంకె కాగితం మీద చలికి ముడుచుకున్నట్టు కనిపించింది.

ట్రైనర్ మేడం ఆ కాగితాన్ని అందరికీ చూపించి, గోడ మధ్యలో అంటించింది. "చూశారా, కొలిచి చెప్పిన అంకె ఇలా ఉంటుంది." కేటలాగమ్మకు యాభై ఒకటో ఏట బళ్ళో మొదటి మార్కు వచ్చినట్టయింది.

సాయంత్రం అక్కకు ఫోను చేసింది. "గురువారం మొదలెడతాం. మధ్యలో ఆదివారం పోను, పై శనివారానికి అయిపోతుంది. ఆ మర్నాడు పొద్దున్నే మన బస్సు."

"నీ శనివారాలు నాకు తెలుసులే."

"ఇది నిజం శనివారం అక్కా. వాచీ పెట్టి కొలిచాం."

"కొలతలు నాకే చెప్తున్నావూ?" అంది అక్క. ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునే వాళ్ళందరికీ బుధవారం అంటే శనివారం అని తెలుసు.

శిక్షణ చివరి రోజు మధ్యాహ్నం, నోటీసు బోర్డు దగ్గర కేటలాగమ్మ కాళ్ళు ఆగిపోయాయి. 'కొత్త గ్రంథాలయ ప్రారంభం: వచ్చే బుధవారం ఉదయం పదకొండు గంటలకు. ముఖ్య అతిథి: యాజమాన్య అధ్యక్షులు.' దాని కిందే ఇంకో కాగితం. బుధవారం నుంచి అటెండర్లిద్దరూ పరీక్షల బల్లలు వేయడానికి.

వేళ్ళమీద లెక్కపెట్టింది. గురు, శుక్ర, శని, సోమ, మంగళ. అయిదు. అయిదు రోజుల్లో పాతిక బీరువాలు దిగుతాయి. మిగతా పదిహేడు తను ఒక్కతే దింపుకోవాలి. అవి దిగేదాకా సెలవు లేదు. బస్సులో తోటికోడలు కిటికీ పక్కన కూర్చున్నట్టు కళ్ళముందు కనపడింది.

నోటీసు ఊడబెరికి తిన్నగా సూపరింటెండెంటు బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సార్, నేను తొమ్మిది అన్నాను."

"అన్నారు. నేను ఏడు అని పంపాను."

"ఏడెందుకు?"

"మీరు తొమ్మిది అన్నారు కదమ్మా" అన్నాడాయన, ఇంతకంటే కారణం ఏం కావాలన్నట్టు.

"అది నిజం తొమ్మిది సార్! గోడమీద కూడా అంటించారు. మీరు ముందు వరసలోనే ఉన్నారు!"

సూపరింటెండెంటు ఫైలు మూశాడు. "నిజమైతే ఆ ముక్క ముందే చెప్పాలి కదమ్మా. ఇంతకాలంగా పనిచేస్తున్నాం, ఉన్నట్టుండి నిజం చెప్తారని నేనెలా అనుకుంటాను?"

ఇద్దరూ ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు. ట్రైనర్ మేడం అక్కడే ఉంది, హాజరు పట్టీ మీద సంతకం కోసం. ప్రిన్సిపాల్ అంతా విని కుర్చీలో వెనక్కి వాలారు.

"ఏడన్నాడు, అయిదు చేశాను. అందులో తప్పేముంది? ఇతని ఏడు ఎప్పుడూ అయిదే."

"నా ఏడు అయిదే అయితే, నన్ను ఏడు అననిచ్చి మీరు అయిదు చేయడం ఎందుకు సార్?" సూపరింటెండెంటు గొంతులో ఏళ్ళనాటి నొప్పి వినపడింది.

"మరి నువ్వు అయిదు అంటే నేను మూడు చేయాలి కదయ్యా!"

ట్రైనర్ మేడం చేతిలోని చీటీలు కిందపెట్టి కళ్ళు తుడుచుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "నిన్న ఆ అలవాటు లేదన్నారు" అంది.

"అలవాటు కాదండీ. పద్ధతి" అన్నారు ప్రిన్సిపాల్.

తేదీ మార్చడం కుదరదన్నారు. అధ్యక్షుల వారి తేదీ దొరకడమే గొప్ప. సగం పుస్తకాలతో తెరవడమూ కుదరదు, ఖాళీ ర్యాకుల ముందు ఫోటో ఎలా దిగుతారు? మిగిలింది ఒకటే దారి, మనుషుల్ని పెంచడం. ఆ మాట ట్రైనర్ మేడం అంది. ఎవర్ని అన్నది కేటలాగమ్మ చెప్పింది.

"రోజులు కోసినవాళ్ళే ఆ రోజులు మోయాలి సార్." ఆమె గొంతులో ఎక్కడా దురుసు లేదు, పుస్తకం ఏ అరలో ఉందో చెబుతున్నట్టే చెప్పింది. "సూపరింటెండెంటు గారు రెండు కోశారు, మీరు రెండు. ఆఫీసులోంచి ఇంకో నలుగురు కావాలి. మీరే అన్నారుగా, మీలో ఒకణ్ణని."

ప్రిన్సిపాల్ మైకు పట్టుకున్న ఘడియను తిట్టుకుని ఉంటారు. పైకి మాత్రం, "అలాగే" అన్నారు.

గురువారం పొద్దున్న రెండో అంతస్తు నుంచి కిందిదాకా మెట్లమీద మనుషులు నిలబడ్డారు. ఎవరూ ఎక్కిదిగనక్కర్లేదు, చేతులు మారితే చాలు. ఆ ఉపాయం పొట్టి అటెండరుది. మూడు రోజుల శిక్షణలో అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. పైన కేటలాగమ్మ కట్టలు కట్టి చీటీలు రాస్తుంది. మధ్య మలుపులో సూపరింటెండెంటు. కింద కట్ట విప్పి ర్యాకులో సర్దడం, కూర్చుని చేసే పని కాబట్టి, ప్రిన్సిపాల్‌ది.

మొదటి రోజు ఆరు బీరువాలే దిగాయి. వరస తరచూ సూపరింటెండెంటు దగ్గర ఆగిపోయేది. కట్ట చేతికి రాగానే పైనున్న పుస్తకం అట్ట తెరిచి మొదటి పేజీ చదివేవాడు.

"సార్, అది మోయడానికిచ్చింది, చదవడానికి కాదు" అనేవాడు పై మెట్టు మీదినుంచి పొడుగు అటెండరు.

"ఇన్ని పుస్తకాలున్నాయని ఎవరూ చెప్పలేదయ్యా."

"ఇరవై ఏళ్ళనుంచి బిల్లులు మీరే పాస్ చేస్తున్నారు సార్."

రెండో రోజు పది దిగాయి. సాయంత్రం ప్రిన్సిపాల్ చొక్కా చేతులు మడిచి, దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో పైకి చూసి అడిగారు. "ఇంకా ఎన్ని?"

"ఇరవై ఆరు సార్."

"అంటే, ఇరవై రెండు అనుకోవచ్చా?"

"బీరువాలు సార్. ఇవి కోస్తే తగ్గవు."

మెట్లమీది మనుషులంతా ఎవరికి వాళ్ళు గోడవైపు తిరిగి దగ్గారు.

శనివారం పొద్దున్న కిందికి వచ్చిన కేటలాగమ్మ, ర్యాకుల ముందు నిలబడి కళ్ళు తేలేసింది. ముందు రోజు వాళ్ళంతా వెళ్ళాక ప్రిన్సిపాల్ ఒక్కరే ఆగి, అతిథికి కంటికింపుగా ఉంటుందని పుస్తకాలన్నీ ఎత్తు ప్రకారం సర్దేశారు. పొడుగువి ఒక పక్క, పొట్టివి ఒక పక్క. రసాయనశాస్త్రం నడుమ కవిత్వం, కవిత్వం పక్కన బ్యాంకు పరీక్షల గైడు.

"ఎలా ఉంది?" అడిగారాయన మురిపెంగా.

కేటలాగమ్మ కవిత్వం పక్కనున్న గైడును బయటికి లాగింది. "చాలా అందంగా ఉంది సార్. ఇక ఇందులో ఏ పుస్తకం ఎవరికీ దొరకదు."

వాటిని మళ్ళీ వరసలో పెట్టేసరికి పూట గడిచిపోయింది. ఆ రోజు ఆరే దిగాయి. సాయంత్రం అక్క ఫోను చేసింది.

"నా చీరలు సర్దుకున్నాను. నీ సంగతి చెప్పు. తోటికోడలు పొద్దున్నే వచ్చి సంచీ ఎంత పెద్దది తేవాలని అడిగి వెళ్ళింది."

"అప్పుడే చెప్పేశావా ఆవిడకి?"

"అనుమానంగా ఉందని చెప్పాను. నీ విషయంలో అంతకంటే ఏం చెప్పను?"

"అక్కా, ఈసారి వస్తాను."

"నువ్వు రాకపోవడం కాదే నా బాధ" అంది అక్క. "నువ్వు లేకపోతే ఆ కాలేజీ గోడలు కూలిపోతాయనుకుంటావు చూడు, అదీ. ముప్పై ఏళ్ళు నేనూ అలాగే అనుకుని మిషను దిగలేదు. మోకాలు దించింది."

కేటలాగమ్మ ఫోను పెట్టేసి చాలాసేపు దారపు ఉండ చుడుతూ కూర్చుంది.

సోమవారం తొమ్మిది, మంగళవారం ఎనిమిది. మంగళవారం సాయంత్రానికి పైన మూడు బీరువాలు మిగిలాయి. యాభై ఏళ్ళ పాత పత్రికలు, ఏడాదికొకటి చొప్పున బైండు చేసినవి. ఒక్కొక్కటి ఒక మనిషి రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. అందరి నడుములూ పడిపోయాయి, ఇంక వల్లకాదన్నారు.

బుధవారం అధ్యక్షుల వారు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, ఒక పుస్తకం తీసి తలకిందులుగా పట్టుకుని ఫోటో దిగారు, వెళ్ళారు. మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గదిలో కేటలాగమ్మ తన సెలవు చీటీ బల్లమీద పెట్టింది.

ప్రిన్సిపాల్ తన ఆకుపచ్చ అక్షరాలను తనే చదువుకున్నారు. "మూడు మిగిలాయి కదమ్మా. అవీ దిగిపోతే మనసుకు హాయిగా ఉంటుంది. అటెండర్లు బల్లల పనికి వెళ్ళిపోయారు. మీరు లేకపోతే ఎవరికి తెలుస్తుంది చెప్పండి?"

ఆ చివరి మాట ఆమెకు తీయగా ఉంటుంది. రెండు సముద్రాలు ఆ మాట దగ్గరే ఇంకిపోయాయి. ఈసారి కూడా నోరు 'అలాగే సార్' అనడానికి తెరుచుకుంది.

"నేను చూస్తాను" అన్నాడు సూపరింటెండెంటు గుమ్మంలోంచి. అరచేతుల మీద దారం కోసిన గీతలకు మందు రాసుకుని ఉన్నాడు. "ఆవిడను వెళ్ళనివ్వండి సార్."

కేటలాగమ్మ గతుక్కుమంది. ఆయన ప్రతి సంపుటం తెరిచి మొదటి పేజీ చదువుతాడు. వరస మారుస్తాడు. "సార్, అవి ఏళ్ళ ప్రకారం..."

"ఏడాది వీపుమీదే రాసి ఉందమ్మా. అంకెలు చదవడం నాకొచ్చు. కోయడమే మానుకోవాలి."

"ఎన్ని రోజులు పడుతుందయ్యా?" ప్రిన్సిపాల్ అడిగారు.

ఆ గదిలో ఆ ప్రశ్న లక్షసార్లు వినపడి ఉంటుంది. సూపరింటెండెంటు పెదవులు అలవాటు కొద్దీ ఒక అంకె కోసం కదిలి ఆగిపోయాయి.

"తెలియదు సార్. ఎత్తి చూసి చెబుతాను."

వెళ్ళాడు. ఇద్దరూ ఎదురుచూశారు. ప్రిన్సిపాల్ పేపరువెయిటు తిప్పారు. పైన ఏదో బరువుగా జరిగిన చప్పుడు, ఆ తర్వాత మెట్లమీద నెమ్మదిగా అడుగులు, మధ్య మలుపులో ఆగి, మళ్ళీ అడుగులు. చాలాసేపటికి సూపరింటెండెంటు వచ్చాడు, నుదుటిమీద చెమట, చొక్కా నిండా దుమ్ము.

"ఒక అర దింపి పెట్టాను. మొత్తం ఆరు రోజులు సార్. నేను ఒక్కణ్ణే అయితే."

ప్రిన్సిపాల్ నోరు తెరిచారు. నాలుగు అన్న మాట పళ్ళదాకా వచ్చినట్టే ఉంది. సూపరింటెండెంటు చొక్కా వైపు చూశారు, చేతుల వైపు చూశారు, తెరిచిన నోరు మూశారు.

"ఆరు" అన్నారు. ఆకుపచ్చ పెన్ను తీసి, తను రాసిన షరతును తనే కొట్టేశారు.

"మొదటి పేజీలు చదవకపోతే అయిదు" అంది కేటలాగమ్మ, చీటీ మడుచుకుంటూ.

"చదవడానికి కూడా కలిపే చెప్పాను" అన్నాడు సూపరింటెండెంటు. "పైకే చెబుతున్నాను, దాచడం లేదు."

ఆదివారం పొద్దున్న బస్సులో అక్క కిటికీ పక్క సీటు చెల్లెలికి వదిలి కూర్చుంది. తోటికోడలు పెద్ద సంచీ తెచ్చి, బస్టాండులో మొహం మాడ్చుకుని చెయ్యూపి వెళ్ళింది. ఆ ముచ్చట అక్క ఊరు దాటేదాకా చెప్పింది. కేటలాగమ్మ ఊఁ కొడుతూ ఫోను చూసుకుంటోంది. ఒక గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి.

"ఎవరి ఫోను కోసమే?"

"ఎవరూ లేరు."

"లేరనేగా ఆ మొహం." అక్క ఒళ్ళు కదిలేలా నవ్వింది. "ఒక్కరైనా అడగలేదా, ఆ బీరువా తాళం ఎక్కడ, ఈ పుస్తకం ఎక్కడని?"

"ఆదివారం కదా" అంది కేటలాగమ్మ బింకంగా. ఫోను మరోసారి చూసుకుని, "నిన్ననే సెలవు మొదలైంది, నిన్న కూడా అడగలేదులే" అని ఒప్పుకుంది.

"కూలలేదన్నమాట గోడలు."

"అందుకు నువ్వు సంతోషించాలా?"

"నేను కాకపోతే ఎవరు సంతోషిస్తారే? కొంచెం జరుగు, కాలు పట్టేసింది."

అక్క కుడికాలు చాపి చెల్లెలి ఒళ్ళో పెట్టింది. మోకాలు రాయిలా బిగుసుకుని ఉంది. రెండు చేతులతో పట్టి నొక్కితే తప్ప లొంగేలా లేదు. కేటలాగమ్మ ఫోనును సంచీలో అడుగున పడేసి, మోకాలి చుట్టూ రెండు చేతులూ వేసింది.

"గట్టిగా" అంది అక్క కళ్ళు మూసుకుని. "పుస్తకం దుమ్ము దులుపుతున్నట్టు కాదు."